హంసగ్రీవీయం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

తెనాలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. పద్యం కనిపిస్తే ప్రతిపదార్థం రాయకుండా ఉండలేను. కనిపించకపోతే నేనే ఒకటి కట్టుకుని దానికి రాస్తాను. డాలస్ ఉత్తరపు శివారులో మావాడింటికి వెళ్ళి ఆరు నెలలున్నప్పుడు జరిగింది ఈ రెండోది.

మావాడు ఇల్లు కొన్నాడు. ఉంటున్న ఇల్లు కాదు, చక్రాల మీద తిరిగేది. ఫిఫ్త్ వీల్ క్యాంపర్ అంటారు. అందులో వంటగది, స్నానాలగది, సోఫా, ఫ్రిజ్, ముందు వైపు నాలుగు మెట్లెక్కితే పడకగది, అన్నీ ఉంటాయి. ఇంజను మాత్రం ఉండదు. లాగడానికి ట్రక్కు కావాలి. మా వైపు ట్రక్కంటే ట్రాక్టరు వెనక తగిలించేది. అక్కడ ట్రక్కంటే ముందుండి లాగేది. ఈ ఒక్క మాట మూలాన తండ్రీ కొడుకులం ఒక పూటంతా ఒకరికొకరు అర్థం కాకుండా మాట్లాడుకున్నాం. సరే, ట్రక్కూ కొన్నాడు. పశువుల్ని సంతకు తోలే ఒక రైతు దగ్గర, పాతది.

చిక్కంతా ఆ రైతు ట్రక్కులో ఉంది. దాని తొట్టి నడిమధ్య ఒక ఇనప బంతి. మావాడి ఇంటి ముక్కు కింద ఒక ఇనప మేకు. బంతిది గూస్‌నెక్ సంప్రదాయం. గొడ్ల బళ్ళు, గుర్రాల బళ్ళు, గడ్డి మోపుల బళ్ళు దాన్ని పట్టుకు నడుస్తాయి. మేకుది పెద్ద లారీల నుంచి దిగివచ్చిన ఫిఫ్త్ వీల్ సంప్రదాయం. శైవానికీ వైష్ణవానికీ ఉన్నంత దూరం. ఇద్దరికీ పొత్తు కుదురుస్తానని బయల్దేరిన మధ్యవర్తి పేరు అడాప్టర్. అడుగు పైచిలుకు పొడవున్న గొట్టం. పై కొస మేకుకి తొడుక్కుంటుంది, మరలు వేసి బిగిస్తారు. కింది కొసన గిన్నె ఉంటుంది, అది బంతి మీద బోర్లుతుంది. “నాన్నా, ఇది తగిలిస్తే ఇంకేం కొననక్కర్లేదు” అన్నాడు మావాడు, చవగ్గా దొరికిన వంకాయల్ని చూపించినట్టు చూపిస్తూ.

ఈ పద్యం మాత్రం ఆ రోజు పుట్టలేదు. చైల్డ్రెస్ అనే ఊళ్ళో ఒక వెల్డింగ్ షాపు బయట, పాత టైరు మీద కూర్చున్నప్పుడు పుట్టింది. అక్కడికి ఎందుకు చేరామో నాలుగో పాదం దగ్గర చెబుతాను. టీకాకారుడు పాదాల వరస తప్పకూడదు.

మూలం

హంస మెడకు బంతి, యైదవ చక్రాన
మేకు, రెంటి నడుమ మెడను దొడిగి
ఇల్లు లాగువాడ! యింతింత మెడ సాగ
అంతకంత యెముక యరచునయ్య!

ప్రతిపదార్థం

హంస మెడకు = హంస కంఠమువలె వంగిన మెడగల గూస్‌నెక్ బండికి; బంతి = ట్రక్కు తొట్టియందలి ఇనుప గోళము (తగినది అని అధ్యాహారము); ఐదవ చక్రాన = ఫిఫ్త్ వీల్ అను పద్ధతియందు; మేకు = కింగ్‌పిన్ అను రాజకీలకము (తగినది); రెంటి నడుమ = ఆ బంతికిని ఈ మేకునకును మధ్య; మెడను తొడిగి = అడాప్టరను మరియొక మెడను బిగించి; ఇల్లు లాగువాడ = గృహము నీడ్చుకొనిపోవు ఓయీ; ఇంతింత మెడ సాగ = ఆ మెడ ఒక్కొక్క అంగుళము పొడుగగుకొలది; అంతకంత = ఆ కొలతకు మించి; ఎముక = ఇంటి చట్రము; అరచును = మొఱ్ఱ పెట్టును; అయ్య = నాయనా.

ఇక విశేషాలు.

హంస మెడకు

గూస్ అంటే సీమబాతు కదా, హంస అని ఎలా తెస్తారని మా మనవరాలు అడిగింది. తేవచ్చు. ఇంగ్లీషు గూస్, జర్మన్ గాన్స్, మన హంస, మూడూ ఒకే పాత మూలం నుంచి చీలి వచ్చిన అప్పచెల్లెళ్ళని భాషాశాస్త్రం తేల్చింది. కాబట్టి టెక్సాస్ రైతు పొద్దున్నే “గూస్‌నెక్” అంటూ బండి కట్టినప్పుడల్లా తెలియకుండానే ఒక హంసను తలుచుకుంటున్నాడు. బాతు మెడ అని రాస్తే పద్యం బురదలో దిగుతుంది. యతి కూడా చెడుతుంది.

మెడ ఎందుకు వంగింది? బండి ముందు భాగం ట్రక్కు తొట్టి గోడల పైనుంచి దాటి వచ్చి, తొట్టి మధ్యలో కిందికి దిగాలి. సరిగ్గా వెనక ఇరుసు మీదనో, దానికి రవంత ముందో దిగాలి. బంపరుకి తగిలించిన బండి తోక పట్టుకుని వేలాడుతుంది. ఇది వీపు మీద కూర్చుంటుంది. బరువు ఇరుసు మీద పడుతుంది కనక ట్రక్కు ముక్కు పైకి లేవదు. ఎడ్లబండి తోలినవాడికి ఇది చెప్పనక్కర్లేదు. బండిలో బరువు వెనక్కి జరిగితే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టుకుంటుంది. మరీ ముందుకు జరిగితే మెడలు కుంగుతాయి. మా తాత మూటలెత్తించేటప్పుడు నొగల దగ్గర నిలబడి కాడిని ఒక్క చేత్తో ఎత్తి చూసేవాడు. ఎంత బరువు ముందుండాలో ఆ చేతికి తెలుసు. అమెరికావాడు అదే మాటని శాతాల్లో చెబుతాడు. ఫిఫ్త్ వీల్ ఇల్లు మొత్తం బరువులో 15 నుంచి 25 శాతం దాకా మేకు మీద పడాలి. 12,000 పౌండ్ల ఇల్లైతే, ఐదో వంతు చొప్పున 2,400 పౌండ్లు, అంటే పదకొండు వందల కిలోలకు కాస్త తక్కువ, ట్రక్కు వీపు మీద కూర్చుంటుంది.

బంతి

దీని వ్యాసం 2 అంగుళాలూ, ఇంకో అంగుళంలో పదహారింట ఐదు వంతులూ. ఈ పదహారింట ఐదు దగ్గర మా ఆవిడ “ఎవరు లెక్కగట్టారో గాని మనసులో ఏదో పెట్టుకునే గట్టారు” అంది. తాత్పర్యం రాసేవాడికి కొలతలో గూఢార్థం వెతకాలనిపిస్తుంది, వెతికాను, లేదు.

ఈ బంతికి ఒక మంచి గుణముంది. కాన్సస్ రాష్ట్రంలో హంబోల్ట్ అనే చిన్న ఊళ్ళో 1987లో మొదలైన బీ అండ్ డబ్ల్యూ అనే సంస్థ తిరగేసే బంతిని తయారుచేస్తుంది. పని లేనప్పుడు బంతిని పైకి తీసి, తలకిందులు చేసి, అదే గుంటలో దించేస్తే తొట్టి చదునైపోతుంది. గడ్డి వేసుకో, ప్లైవుడ్ పలకలు వేసుకో. మేకును పట్టుకునే ఫిఫ్త్ వీల్ ప్లేటుకి ఈ సుగుణం లేదు. అది తొట్టి మధ్యలో ఇనప పీటలా కూర్చుని చోటంతా తింటుంది. తీసి పక్కన పెట్టాలంటే ఇద్దరు కావాలి, వాళ్ళిద్దరికీ నడుములు బాగుండాలి. బంతి వదులుకోవడానికి జనం ఇష్టపడకపోవడంలోనూ, అడాప్టర్ వైపు చూపు పోవడంలోనూ తప్పేం లేదు. మా రైతు వేయించుకున్నదీ తిరగేసే బంతే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ఐదవ చక్రాన

శంక: ఐదో చక్రం ఏది? లెక్కపెట్టండి. వెనక జంట టైర్లున్న ట్రక్కుకి ఆరు. ఇంటికి రెండిరుసులకీ నాలుగు. మొత్తం పది. ఇందులో ఐదోది ఎవరు?

పూర్వపక్షం: స్టెప్నీ. నాలుగు చక్రాలకీ అదనంగా ఉన్నది అదే కదా. పాపం, ఈ మాటకీ ఒక ఊరుంది. వేల్స్ దేశంలో లనెల్లీ పట్నంలో స్టెప్నీ వీధిలో తయారైన అదనపు చక్రం పేరు మనవాళ్ళ నోట్లో ఇప్పటికీ నిలిచింది. పుట్టిన దేశంలో చెబితే చాలామందికి అర్థం కాదు. అయినా ఈ పక్షం నిలవదు. స్టెప్నీ ఖాళీగా వేలాడుతుంది. ఐదో చక్రం బరువు మోస్తుంది.

సిద్ధాంతం: గుర్రబ్బగ్గీల కాలంలో ముందు ఇరుసు పక్కకి తిరగడానికి దాని మీద ఒక చక్రాన్ని పడుకోబెట్టేవారు. నేల తాకే నాలుగు చక్రాలూ నిలబడి తిరుగుతాయి, ఇదొక్కటీ పడుకుని తిరుగుతుంది. అదే ఐదోది. బగ్గీలు పోయాయి, పడుకున్న చక్రం లారీలోకి వచ్చి గ్రీజు పూసుకున్న పళ్ళెమైంది. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి ఒక కలప వ్యాపారి పడవను ఫోర్డ్ కారు వెనక లాగడానికి బండి కట్టి ఇచ్చాడు. తరవాత సెమీ ట్రెయిలర్లంటే గుర్తొచ్చే పేర్లలో ఒకటైంది అతనిది. ఇళ్ళ విషయంలో మాత్రం విమానాల మనిషి గ్లెన్ కర్టిస్ తలదూర్చాడు. 1920ల చివర్లో అతను ఏరోకార్ అనే ప్రయాణపుటింటిని తెచ్చినప్పుడు, దాన్ని కారుకి కలిపే చోట ఒక విమానం టైరునే పడుకోబెట్టి వాడాడు. గుంటలొచ్చినప్పుడు కుదుపంతా గాలి మింగేది. నా మటుకు నాకు ఐదో చక్రం అనే మాటకి పూర్తిగా న్యాయం చేసింది అతనొక్కడే; అక్కడ నిజంగానే ఒక చక్రం ఉంది.

మేకు

వ్యాసం 2 అంగుళాలు. చూస్తే ఏమీ కాదు. ట్రక్కు ప్లేటుకి వెనక వైపు నోరు తెరుచుకున్న చీలిక ఉంటుంది. వెనక్కి వస్తుంటే మేకు అందులోకి జారి, దవడలు మూసుకుని, టకీమని చప్పుడవుతుంది. ఇక్కడ గమనించాల్సింది మేకు కాదు, మేకు చుట్టూ ఉన్న పలక. ఇంటి పలక ట్రక్కు పళ్ళెం మీద వెడల్పుగా, పొట్టకి పొట్ట ఆనుకుని కూర్చుంటుంది. బరువు పళ్ళెమంతా పరుచుకుంటుంది. బంతి మీదికి వస్తే అదే బరువు గిన్నెలో ఒక్క చోటే. పీట మీద కూర్చోవడానికీ ఒంటికాలి మీద నిలబడడానికీ ఉన్న తేడా.

రెంటి నడుమ మెడను దొడిగి

పాఠాంతరం: “మేడను దొడిగి”. లేఖక దోషం, గణానికీ పొసగదు. కాని అర్థం కుదిరింది గనక కొట్టేయలేకపోతున్నాను. ఫిఫ్త్ వీల్ ఇంటికి ముందు భాగమే మేడ. ట్రక్కు తొట్టి మీదుగా సాగిన ఆ ఎత్తు చోట పడకగది కడతారు. మెడ మీద మేడ! అందుకే మెడలో ఏ నొప్పి పుట్టినా ముందు వినిపించేది పడక దగ్గరే.

ఇక్కడ వ్యాకరణం మాట్లాడకపోతే నా ముప్పై రెండేళ్ళూ వృథా. చదువుకునే రోజుల్లో మా గురువుగారు ఒక లోకోక్తి చెప్పేవారు: ఆగమం మిత్రుడిలా వస్తుంది, ఆదేశం శత్రువులా వస్తుంది. ఆగమమంటే రెంటి మధ్యలో కొత్తగా వచ్చి కూర్చునే అక్షరం. ఎవరినీ లేపదు, ఎవరి చోటూ తీసుకోదు. మా, అమ్మ అనే మాటల మధ్య సంధి జరగనప్పుడు యకారం వచ్చి “మాయమ్మ” అనిపించినట్టు. ఆదేశం అలా కాదు. ఉన్నవాణ్ణి తోసేసి వాడి కుర్చీలోనే కూర్చుంటుంది. “వాడు పోయె” అనే చోట పకారాన్ని పంపేసి “వాడు వోయె” అనిపించే వకారం ఆ జాతిది. సాహిత్యంలో అందరూ ఆగమాన్నే ఇష్టపడతారు. నేనూ అంతే.

అడాప్టర్ అచ్చమైన ఆగమం. బంతి బంతిగానే ఉంది, మేకు మేకుగానే ఉంది, మధ్యలో మిత్రుడొచ్చాడు. మా పద్యంలోనూ నాలుగు యడాగమాలున్నాయి: బంతి యైదవ, వాడ యింతింత, అంతకంత యెముక, ఎముక యరచు. నాలుగూ నాలుగు అడాప్టర్లు. యకారం పొడుగు ఒక్క హల్లు గనక చెల్లిపోయింది. ఇనుములో మిత్రుడి పొడుగు అడుగు దాటింది.

యతి గురించి కూడా ఒక మాట. మొదటి పాదంలో “హం”కి “యై” చెల్లుతుంది. హకార యకారాలు అచ్చులతో కలిసి మైత్రి పాటిస్తాయి. హంసకీ ఐదో చక్రానికీ యతిమైత్రి ఉందన్నమాట. పద్యంలో చెల్లిన మైత్రి ట్రక్కు తొట్టిలో చెల్లలేదు.

ఇల్లు లాగువాడ

సంబోధన. ఎవరినో తెలిసిందే.

యింతింత మెడ సాగ

శంక: అడుగు పొడుగు పెరిగితే ఏం కొంప మునుగుతుంది? అంత బరువు మోసే ఇనుము ఇంకో అడుగు ఇనుముకి జడుస్తుందా?

సమాధానం: గునపాన్ని అడగండి. బండ లేవకపోతే మనం బలం పెంచం, పొడుగైన గునపం తెస్తాం. పట్టుకున్న చోటు దూరమైనకొద్దీ అదే చెయ్యి ఎక్కువ బరువును ఎత్తుతుంది. ఇక్కడ గునపం అడాప్టర్; లేచే బండ మన ఇంటి చట్రం.

లెక్క కావాలంటే ఊహకి ఒక అంకె వేసుకుందాం. ట్రక్కు బ్రేకు వేసినప్పుడు వెనకున్న ఇల్లు 2,000 పౌండ్ల తోపుతో ముందుకొచ్చిందనుకోండి. మేకు చట్రానికి అడుగున్నర కిందుంటే చట్రం మీద పడే మెలి 3,000 అడుగు-పౌండ్లు. అడాప్టర్ వేసి పట్టు చోటును ఇంకో అడుగు కిందికి దింపితే రెండున్నర అడుగులు, మెలి 5,000. బరువు ఒక్క పౌండు పెరగలేదు, మెలి మాత్రం మూడింట రెండు వంతులు పెరిగింది. పద్యంలో “అంతకంత” అన్నది ఇందుకే. బ్రేకు వేసినప్పుడు ఒక వైపు, బయల్దేరినప్పుడు ఇంకో వైపు, మలుపులో పక్కకి, రోడ్డు అతుకుల మీద రోజంతా అటూ ఇటూ. ఒక తీగెను అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడ తెగుతుందో అందరికీ తెలుసు.

మరి గొడ్ల బండి మెడా పొడుగే కదా? పొడుగే. కాని అది పుట్టుకతోనే పొడుగు. ఆ మెడకి తగ్గట్టు మందపాటి ఇనుము వేసి, మూలల్లో మద్దతు పలకలు అతికి కడతారు. క్యాంపరు చట్రం పొట్టి మెడను లెక్కవేసి కట్టినది, అందులోనూ బరువు తగ్గించడానికి పలచన చేసినది. క్యాంపర్ల చట్రాలు చేసేవాళ్ళలో పలువురు గ్యారంటీ కాగితంలో ఇలాంటి అడాప్టర్ తగిలిస్తే చట్రానికి పూచీ లేదని రాసేది ఇందుకే. మావాడి కాగితంలోనూ ఉంది. చదివాం కూడా, తరవాత.

ఛందస్సు చూసేవారికి ఇక్కడ ఒక దోషం కనిపిస్తుంది. “సాగ” తరవాత “అంత” వచ్చినా సంధి జరగలేదు, “సాగ నంత” కావాలి. “దొడిగి” తరవాత “ఇల్లు” దగ్గరా అంతే, “యిల్లు” కావాలి. రెండు చోట్ల విసంధి. టైరు మీద కూర్చుని కట్టిన పద్యం గనక జరిగిందని ఒప్పుకోవాలి. కాని టీకాకారుడు కవిని వెనకేసుకురావాలి, అందులోనూ ఇద్దరూ ఒకరే అయినప్పుడు. కాబట్టి వివరణ: కలయిక ఊడిపోయే చోటు ఉంటుందని కవి హెచ్చరిస్తున్నాడు. బంతి మీద గిన్నె ఎప్పుడన్నా ఎగిరిపోవచ్చు గనకనే గూస్‌నెక్ బండికి గొలుసులు కట్టాలి. దవడలు పట్టేసే ప్లేటుకి గొలుసులు అడగని చోట కూడా బంతికి అడుగుతారు. అడాప్టర్ వేసిన ఇల్లు చటుక్కున బంతి జాతిలో చేరింది. ఆ ఇంటికేమో గొలుసు తగిలించుకోవడానికి ఒక కొక్కెమైనా లేదు.

అంతకంత యెముక యరచునయ్య

డాలస్ నుంచి పాలో డ్యూరో లోయకి బయల్దేరాం. 287వ నంబరు రోడ్డు పట్టుకుంటే డెకేటర్, విచిటా ఫాల్స్, వెర్నన్, క్వానా, చైల్డ్రెస్ మీదుగా అమరిల్లో వైపు పోతుంది. మూడొందల యాభై మైళ్ళ పైన. కట్టడానికే గంట పట్టింది. బంతి తొట్టి అడుగున ఉంటుంది గనక తోలేవాడికి కనపడదు. ప్లేటైతే వెనక అద్దంలోంచి చూస్తూ పోవచ్చు, మేకు తనే దారి చూసుకుంటుంది. ఇక్కడ కోడలు తొట్టి పక్కన నిలబడి “ఎడం… ఎడం… ఎడమంటే నా ఎడం!” అంటూ కేకలు. చివరికి గిన్నె బంతి మీద బోర్లింది. ఏడు తీగెల వైరు తగిలించారు. ఇల్లు విడిపోతే తనంతట తనే బ్రేకు పడేలా చేసే సన్నని తాడు తగిలించారు. ముందు కాళ్ళు నేలనుండగానే ఇంటి బ్రేకు పట్టి ట్రక్కుని మెల్లగా ముందుకి లాగి చూశారు, పట్టు నిలిచిందా లేదా అని. కాళ్ళు పైకెత్తారు. ఇంత క్రమం సంధ్యావందనంలో కూడా నేనెప్పుడూ చూడలేదు.

విచిటా ఫాల్స్ దాకా ఏమీ లేదు. ఆ తరవాత బ్రేకు వేసినప్పుడల్లా వెనక నుంచి ఒక కిర్రు. వెర్నన్‌లో పెట్రోలు పోయించుకుంటూ మావాడు కింద వంగి చూసి “ఏం లేదు నాన్నా, కొత్త గదా, సర్దుకుంటోంది” అన్నాడు. సర్దుకునే చప్పుడు వేరు. కొత్త చెప్పుల కిర్రుకీ పాత తలుపు కిర్రుకీ తేడా తెలిసిన చెవులు నావి. “ఒరేయ్, అది సర్దుకోవడం కాదు, సణగడం” అన్నాను. క్వానా దాటాక సణుగుడు మూలుగైంది. చైల్డ్రెస్ చేరేలోగా బయల్దేరినప్పుడూ ఆగినప్పుడూ ఎవరో ఎముక విరుస్తున్నట్టు ఠంగుమని మోగడం మొదలైంది.

ఊరి చివర వెల్డింగ్ షాపు. పెద్దాయన వయసు నా అంత ఉంటుంది. టార్చిలైటు పట్టుకుని ఇంటి ముక్కు కింద దూరి, చాలాసేపు పడుకుని, లేచి, మావాడితో రెండే ముక్కలన్నాడు. మావాడు తెలుగు చేసి చెప్పాడు: “మేకు పెట్టె చట్రానికి అతికిన చోట పగిలింది.” నేనూ వంగి చూశాను. వెంట్రుకంత గీత. తెల్లటి రంగు మీద తుప్పు ఎర్రగా కారి, ఆ గీత ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయిందో చూపిస్తోంది.

అలంకారమేమిటని విద్యార్థులు అడుగుతారు. ఇనుముకి ఎముక అనే ఆరోపం ఉంది గనక రూపకమని కొందరు. అరవనిది అరిచినట్టు చెప్పాడు గనక అతిశయోక్తి అని ఇంకొందరు. రెండూ కాదు, స్వభావోక్తి. నేను విన్నాను.

పాఠాంతర విచారం

వెల్డింగ్ పెద్దాయన పగులు అతికి, మూలకి ఒక మద్దతు పలక వేస్తానన్నాడు. కాని ఆ గొట్టంతో మళ్ళీ తన గుమ్మం ముందుకి రావద్దన్నాడు. తొట్టిలోకి చూసి బంతిని తిరగేసి పట్టుకుని, “దీని గుంట ఉంది కదా, ఇందులోనే ప్లేటు దిగుతుంది” అన్నాడు. ఆ తిరగేసే బంతిని తయారుచేసేవాళ్ళే అదే గుంటలో దిగబడే ఫిఫ్త్ వీల్ ప్లేటునీ చేస్తారు. బంతిని తీసేయాలి. ఆ చోట్లోనే ప్లేటు నిలబడుతుంది. ట్రక్కు తొట్టికి కొత్త రంధ్రాలు వేయక్కర్లేదు, పట్టాలు బిగించక్కర్లేదు. దించాలనుకున్నప్పుడు దించితే మళ్ళీ బంతి వేసుకోవచ్చు. ఇడాహోలో ఇంకొకరు తేలికైన అల్యూమినియంతో వేరే దారి పట్టారట. బంతినే పైకెత్తి మేకు దగ్గరికి తీసుకెళ్తారు. దారి ఏదైనా పోలిక ఒకటే. ఇంటి మెడ పొట్టిగానే ఉంటుంది, ఎత్తంతా ట్రక్కు వైపు పడుతుంది. ఆ ఎత్తు మోయడానికి ట్రక్కులో దిగేసిన ఇనుముంది.

ఇది ఆగమం కాదు, ఆదేశం. బంతిని లేపేసి దాని కుర్చీలో కూర్చుంటుంది. శత్రువులా వచ్చింది, మా చట్రాన్ని కాపాడింది. అంత ముచ్చటగా మధ్యలో కూర్చున్న మిత్రుడేమో వెన్ను విరిచాడు. మా గురువుగారు బతికుంటే ఈ ఉదాహరణ చెప్పేవాణ్ణి. ఆయన చుట్ట కాస్త పక్కకి తీసి, “నువ్వు లారీల దగ్గర ఎందుకు తిరుగుతున్నావురా?” అని అడిగేవారు.

ఇల్లు రెండు వారాలు ఆ షాపులోనే వదిలి, ప్లేటు తెచ్చుకుని వెళ్ళి డాలస్‌కి లాక్కొచ్చాం. ఈ రెండు వారాల్లోనే నా పద్యాన్ని మా కోడలు చదివింది. భీమవరం పిల్ల, పల్లపు నేలలో పుట్టి పెరిగింది. “మావయ్యగారూ, రెండో పాదం మార్చాలి” అని, ఫ్రిజ్ మీద అంటించిన కాగితం మీద ఇలా రాసింది:

హంస మెడకు బంతి, యైదవ చక్రాన
మేకు, బంతిఁ దీసి మెరక తోలు

గణాలు సరిపోయాయి. మేకుకి మెరకకి యతీ చెల్లింది. “మెరక తోలడమేంటమ్మా ఇక్కడ?” అన్నాను. “స్థలం పల్లమైతే ఇంటి గోడలు కిందికి దించుతామా మావయ్యగారూ? మట్టి తోలించి నేలనే పైకి తెస్తాం. ఇంటి మెడ సాగదీయకుండా ట్రక్కు నేలని పైకెత్తాం, అంతే” అంది. తోలు అంటే బండి తోలమని కూడా వస్తుంది. ఆ రెండో అర్థం ఆవిడ ఉద్దేశించిందో లేదో అడగలేదు. ఉద్దేశించలేదంటే నా శ్లేష ఒకటి పోతుంది.

కాని ఈ పాఠాన్ని స్వీకరిస్తే ఒక ఇబ్బంది. మూడు నాలుగు పాదాలకి పనుండదు. సాగిన మెడ లేదు, అరిచే ఎముకా లేదు. ఆ మాటే అంటే, “అయితే తీసేయండి” అంది. తిరిగి పాలో డ్యూరోకి వెళ్ళినప్పుడు దారి పొడవునా చెవులు రిక్కించి కూర్చున్నాను. వెర్నన్ దాటింది, క్వానా దాటింది, చైల్డ్రెస్ దగ్గర వెల్డింగ్ షాపు ముందు మావాడు హారన్ కొట్టాడు. లోయలోకి దిగే రోడ్డు నిటారుగా వంకర్లు తిరుగుతూ పోయింది. బ్రేకు వేసిన ప్రతిసారీ విన్నాను. ప్లేటు మీద గ్రీజు చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఫ్రిజ్ మీది కాగితంలో ఇప్పటికీ రెండు పాదాలే ఉన్నాయి. మూడో పాదం ఉండాల్సిన చోట కోడలు రాసుకుంది: ప్రొపేన్ సిలిండరు, కరివేపాకు, మడత కుర్చీలు రెండు, గ్రీజు.